రెజ్యూమేలో రొయ్యల చెరువు లెక్కలు కూడా రాయొచ్చు

డిగ్రీ అయిపోగానే మనవాళ్లు చేసే మొదటి పని, నెట్ సెంటర్‌కి వెళ్లి సీనియర్ రెజ్యూమేలో పేరు మార్చి ప్రింట్ తీసుకోవడం. నేనూ అదే చేశాను. తండ్రి పేరు మార్చడం మాత్రం మర్చిపోయాను!

మొన్న కావలిలో మా పిన్ని కూతురి రెజ్యూమే చూశాను. బీకాం చదివింది. పైన నాలుగు లైన్ల కెరీర్ ఆబ్జెక్టివ్, కింద 'హార్డ్ వర్కింగ్', హాబీల్లో పాటలు వినడం. "ఇంట్లో ఏం చేస్తుంటావమ్మా?" అని అడిగితే, రెండేళ్లుగా బాబాయి రొయ్యల చెరువు లెక్కలన్నీ తనే ఎక్సెల్‌లో రాస్తోందట. మేత, మందులు, నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్ల కరెంటు బిల్లు, రొయ్యలు పట్టిన రోజు ఏ కౌంట్‌కి (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ఎంత ధర పలికిందో, అన్నీ. రెజ్యూమేలో మాత్రం ఆ ఊసే లేదు. "అది ఉద్యోగం కాదు కదక్కా" అంది.

ఆబ్జెక్టివ్ తీసేయించి ఆ చోట ఇలా రాయించాను: 'మూడెకరాల రొయ్యల చెరువుకు 2 ఏళ్లు ఖర్చులు, అమ్మకాల లెక్కలు ఎక్సెల్‌లో చూశాను.' అకౌంట్స్ పోస్టుకి మనిషి కావాల్సిన వాళ్లు చదివేది ఈ లైనే. కాలేజీ ప్రాజెక్టు ఉన్నా అంతే, పేరు ఒక్కటే కాదు, అందులో మీరు చేసిన భాగమేంటో రాయండి.

మిగతాది తెలిసిందే. ఒక్క పేజీ, పీడీఎఫ్, ఫైల్‌కి మీ పేరు. ఆధార్ నంబరు, కులం, పుట్టుమచ్చలు వద్దు, ఇది పెళ్లి బయోడేటా కాదు. ఇంటర్వ్యూలో అడిగితే చూపించడానికి ఆ ఎక్సెల్ షీటు ఫోన్‌లో ఉంచుకోమన్నాను.