ఎన్‌సీఈఏ క్రెడిట్ల లెక్క ఎలా చూసుకోవాలి?

న్యూజిలాండ్ హైస్కూల్లో చదివే పిల్లల్ని "ఎన్ని మార్కులొచ్చాయి?" అని అడిగితే పనికొచ్చే జవాబు రాదు. అక్కడ సర్టిఫికెట్ వచ్చేది మార్కుల మొత్తంతో కాదు, క్రెడిట్లతో. 2002లో మొదలైన ఈ ఎన్‌సీఈఏ (నేషనల్ సర్టిఫికెట్ ఆఫ్ ఎడ్యుకేషనల్ అచీవ్‌మెంట్) పద్ధతిలో మూడు లెవెల్స్ ఉంటాయి. సాధారణంగా 11, 12, 13 తరగతుల్లో ఒక్కో ఏడాది ఒక్కో లెవెల్ పూర్తి చేస్తారు. చాలామంది తల్లిదండ్రులు క్రెడిట్ల మొత్తం చూసి నిశ్చింతగా ఉండిపోతారు. నన్నడిగితే, ఎన్ని వచ్చాయన్న దానికంటే ఏ సబ్జెక్టులో, ఏ గ్రేడుతో వచ్చాయన్నదే ముందు చూడాలి.

1. క్రెడిట్ ఎలా వస్తుందో తెలుసుకోండి

ప్రతి సబ్జెక్టులోనూ కొన్ని స్టాండర్డ్‌లు, అంటే విడివిడిగా పరీక్షించి గ్రేడు ఇచ్చే భాగాలు, ఉంటాయి. ఏ స్టాండర్డ్‌కు ఎన్ని క్రెడిట్లో ముందే నిర్ణయించి ఉంటుంది. ఒక క్రెడిట్ అంటే క్లాసు, ఇంటి దగ్గర చదువు, పరీక్ష అన్నీ కలిపి సుమారు 10 గంటల పని. 5 క్రెడిట్ల స్టాండర్డ్ పాసైతే 5 వస్తాయి, లేకపోతే ఒక్కటీ రాదు. సగం క్రెడిట్లన్న మాటే లేదు.

గ్రేడ్లు నాలుగు: నాట్ అచీవ్డ్, అచీవ్డ్, మెరిట్, ఎక్సలెన్స్. ఎక్సలెన్స్ వచ్చినంత మాత్రాన క్రెడిట్లు పెరగవు, అవే 5. అలాగని గ్రేడును తేలిగ్గా తీసుకోకూడదు. ఎందుకో 4వ మెట్టులో కనిపిస్తుంది.

2. సర్టిఫికెట్‌కు కావలసినవి విడిగా రాసుకోండి

2024 నుంచి ప్రతి లెవెల్‌కూ ఆ లెవెల్‌లో గానీ పై లెవెల్‌లో గానీ 60 క్రెడిట్లు కావాలి. వీటికి తోడు చదవడం, రాయడం కలిపి 10, లెక్కలకు 10, మొత్తం 20 క్రెడిట్లు వేరుగా తెచ్చుకోవాలి. ఈ 20 ఒక్కసారి వస్తే చాలు, మూడు లెవెల్స్‌కూ పనికొస్తాయి. ఇవి లేకపోతే మాత్రం 60 దాటి ఎన్ని ఉన్నా సర్టిఫికెట్ చేతికి రాదు. అందుకే వీటిని ఎంత త్వరగా ముగిస్తే అంత మంచిది.

3. ఇంటర్నల్స్, ఎక్స్‌టర్నల్స్ తేదీలు పట్టిక వేసుకోండి

ఇంటర్నల్స్‌ను ఏడాది పొడవునా స్కూల్లో టీచర్లే దిద్దుతారు. ఎక్స్‌టర్నల్స్‌లో ఎక్కువ భాగం ఏడాది చివర, నవంబరు ప్రాంతంలో జరిగే పరీక్షలు. వాటి ఫలితాలు జనవరిలో వస్తాయి.

ఎక్స్‌టర్నల్ పరీక్షల ముందు స్కూలు పెట్టే ప్రాక్టీస్ పరీక్షలను చాలామంది పిల్లలు పట్టించుకోరు. అది ప్రమాదం. అసలు పరీక్ష రోజున జ్వరం వచ్చినా, ఇంట్లో అనుకోని కష్టం వచ్చినా, దరఖాస్తు పెట్టుకుంటే స్కూలు దగ్గరున్న ప్రాక్టీస్ పరీక్ష గ్రేడే ఆధారమవుతుంది. రాయని పరీక్షకు ఆధారం ఎక్కడి నుంచి వస్తుంది? టెన్షన్ లేకుండా ఉండాలంటే వీటిని అసలు పరీక్షల్లాగే రాయించండి.

4. ఎండార్స్‌మెంట్ ఒకసారి లెక్కేసి చూడండి

మంచి గ్రేడ్లకు గుర్తింపు ఇక్కడ దొరుకుతుంది. ఒక లెవెల్‌లో 50 క్రెడిట్లు ఎక్సలెన్స్‌తో వస్తే సర్టిఫికెట్‌పై ఎక్సలెన్స్ ఎండార్స్‌మెంట్ ఉంటుంది. మెరిట్, ఎక్సలెన్స్ కలిపి 50 అయితే మెరిట్ ఎండార్స్‌మెంట్.

ఒక్కో కోర్సుకూ ఇలాంటిదే ఉంది. ఒకే ఏడాదిలో ఆ కోర్సులో 14 క్రెడిట్లు ఆ గ్రేడుతో గానీ పై గ్రేడుతో గానీ రావాలి. చాలా సబ్జెక్టుల్లో వాటిలో కనీసం 3 ఇంటర్నల్, 3 ఎక్స్‌టర్నల్ ఉండాలి. గణితంలో నాలుగు స్టాండర్డ్‌లు, ఒక్కోటి 5 క్రెడిట్లు అనుకుందాం. ఇంటర్నల్స్‌లో ఒకటి మెరిట్, ఒకటి ఎక్సలెన్స్. ఎక్స్‌టర్నల్స్‌లో ఒకటి అచీవ్డ్, ఒకటి నాట్ అచీవ్డ్. చేతికొచ్చినవి 15 క్రెడిట్లు. కానీ మెరిట్, ఆపైన ఉన్నవి 10 మాత్రమే, ఎండార్స్‌మెంట్ రాదు. ఆ అచీవ్డ్ స్థానంలో మెరిట్ ఉంటే? మొత్తం అదే 15, ఎండార్స్‌మెంట్ మాత్రం వచ్చేస్తుంది.

5. యూనివర్సిటీ ఆలోచన ఉంటే సబ్జెక్టుల ఎంపికలోనే జాగ్రత్తపడండి

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. లెవెల్ 3 పూర్తయినంత మాత్రాన యూనివర్సిటీ ఎంట్రన్స్, అంటే యూనివర్సిటీలో చేరడానికి కావలసిన కనీస అర్హత, వచ్చినట్టు కాదు. లెవెల్ 3 సర్టిఫికెట్‌తో పాటు, ఆమోదిత జాబితాలోని మూడు సబ్జెక్టుల్లో ఒక్కోదానిలో లెవెల్ 3 క్రెడిట్లు 14 చొప్పున ఉండాలి. లెవెల్ 2 లేదా పైన చదవడంలో 5, రాయడంలో 5 కావాలి. లెక్కలకు 10 కావాలి.

ఒకమ్మాయికి లెవెల్ 3లో 70 క్రెడిట్లు ఉన్నాయనుకోండి. రెండు ఆమోదిత సబ్జెక్టుల్లో 18 చొప్పున, మూడోదానిలో 12, మిగతావి జాబితాలో లేని కోర్సుల్లో. సర్టిఫికెట్ వస్తుంది, ఎంట్రన్స్ రాదు. మూడో సబ్జెక్టులో తగ్గింది రెండు క్రెడిట్లే! ఇది జనవరిలో తెలిస్తే బాధ. ఆగస్టులోనే తెలిస్తే, మిగిలిన స్టాండర్డ్ ఏదో టీచర్‌ని అడిగి దాని మీద దృష్టి పెట్టవచ్చు. అందుకే ప్రతి టర్మ్ చివర ఎన్‌జడ్‌క్యూఏ (ఎన్‌సీఈఏను నడిపే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో పిల్లల లాగిన్‌తో సబ్జెక్టువారీగా చూడండి. ఏదైనా స్టాండర్డ్ అక్కడ కనిపించకపోతే వెంటనే స్కూలును అడగండి.

6. చిన్న తరగతుల పిల్లలుంటే ఇదీ గమనించండి

2025 ఆగస్టులో న్యూజిలాండ్ ప్రభుత్వం ఎన్‌సీఈఏ స్థానంలో కొత్త సర్టిఫికెట్లు తేవాలని ప్రతిపాదించింది. 2028 నుంచి దశలవారీగా మార్చాలన్నది ఆ ప్రతిపాదన. కాబట్టి పెద్దబిడ్డకు వేసిన లెక్కే చిన్నబిడ్డకూ వర్తిస్తుందనుకోకుండా, పిల్లవాడు 11వ తరగతికి వచ్చే ముందు ఏడాదే స్కూల్లో అడిగి తెలుసుకోండి.