పోటీ పిస్టల్ మీద రెడ్ డాట్: మిల్లింగా, ప్లేటా, ఫ్రేమ్ మౌంటా?

రెడ్ డాట్ అంటే అద్దంలో ఎర్ర చుక్క చూపించి గురిపెట్టించే పరికరం. దాన్ని కొనేటప్పుడు అద్దం ఎంత పెద్దది, చుక్క ఎంత సన్నది, బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుంది అని చూస్తాం. పోటీ మధ్యలో గురి మారిపోతే మాత్రం తప్పు ఎక్కువసార్లు అద్దం కింద దొరుకుతుంది. స్క్రూ వదులై ఉంటుంది, లేదా ప్లేటు సరిగ్గా కూర్చోలేదు, లేదా మరలకున్న నూనె ఎవరూ తుడవలేదు. ప్రతి షాట్‌కీ స్లైడ్, అంటే పిస్టల్ పైన కదిలే భాగం, వెనక్కి దూసుకెళ్లి ఠక్కున ఆగుతుంది, మళ్లీ ముందుకొచ్చి ఇంకోసారి ఆగుతుంది. దాని మీద బిగించిన 45 గ్రాముల వస్తువు ఆ రెండు దెబ్బలూ తింటుంది. ఆ దెబ్బను ఏ లోహం మోస్తోంది? మౌంటు ఎంచుకునేటప్పుడు అన్నిటికంటే ముందు ఇది తేలాలి.

ముందు డివిజన్ (పోటీ తరగతి) తేల్చుకోండి

ఇండియాలో 10 మీటర్లు, 25 మీటర్ల పిస్టల్ పోటీలు అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనల మీద నడుస్తాయి. వాటిలో రెడ్ డాట్‌కు చోటు లేదు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్‌లో గురిపెట్టేది మామూలు ఇనుప సైట్లతోనే. ఇక్కడ చెప్పేదంతా అమెరికాలో యూఎస్‌పీఎస్‌ఏ, బయట ఐపీఎస్‌సీ అనే సంస్థలు నడిపే ప్రాక్టికల్ షూటింగ్ తరహా పోటీల గురించి. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఒక మాట: హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసా ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నిషేధం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. స్నేహితుడి పిస్టల్ చేతిలోకి తీసుకోకముందే ఈ సంగతి తేల్చుకోండి.

యూఎస్‌పీఎస్‌ఏ క్యారీ ఆప్టిక్స్, లిమిటెడ్ ఆప్టిక్స్ డివిజన్లలో ఆప్టిక్ (అంటే ఈ రెడ్ డాట్ పరికరం) స్లైడ్ మీదే ఉండాలి, ఫ్రేమ్‌కు తగిలించకూడదు. క్యారీ ఆప్టిక్స్‌లో ఖాళీ మ్యాగజైన్‌తో, ఆప్టిక్‌తో కలిపి తుపాకీ బరువు 59 ఔన్సులు, అంటే సుమారు 1,670 గ్రాములు దాటకూడదు. ఫ్రేమ్ మౌంటు కావాలంటే ఓపెన్ డివిజన్‌కే వెళ్లాలి. నిబంధనలు సవరిస్తుంటారు కాబట్టి డబ్బు ఖర్చు పెట్టే ముందు ఈ ఏటి రూల్ బుక్ ఒకసారి తెరవండి.

.22 పిస్టల్‌తో స్టీల్ చాలెంజ్ (స్టీలు పలకలను వేగంగా కాల్చే పోటీ) ఆడేవాళ్లకు ఈ తలనొప్పి పెద్దగా లేదు. రూగర్ మార్క్ 4 లాంటి వాటిలో బోల్టు ఒక్కటే కదులుతుంది, పైనున్న రిసీవర్ కదలదు. దాని మీద పట్టా బిగించి ఆప్టిక్ పెట్టేస్తే పని అయిపోతుంది.

ఫుట్‌ప్రింట్ అంటే ఏమిటి

ఆప్టిక్ అడుగున స్క్రూ రంధ్రాలు, బొడిపెలు కూర్చునే గుంటలు ఏ కొలతల్లో ఉన్నాయో దాన్నే ఫుట్‌ప్రింట్ అంటారు. ట్రిజికాన్ ఆర్‌ఎంఆర్ ఫుట్‌ప్రింట్‌లో రెండు 6-32 స్క్రూలుంటాయి. ట్రిజికాన్ ఎస్‌ఆర్‌ఓ, హోలోసన్ 507సీ కూడా దాని మీదే కూర్చుంటాయి. ల్యూపోల్డ్ డెల్టాపాయింట్ ప్రోకి వేరే కొలత, సిగ్ రోమియో1 ప్రో దానితో కలుస్తుంది. వోర్టెక్స్ వెనమ్, బరిస్ ఫాస్ట్‌ఫైర్ డాక్టర్ (Docter) అనే కంపెనీ ఫుట్‌ప్రింట్ కుటుంబానివి. ఎయిమ్‌పాయింట్ ఆక్రోకి పైనుంచి దిగే స్క్రూలే లేవు, అడ్డంగా పట్టు వేసి బిగిస్తారు.

ఫుట్‌ప్రింట్ ఒకటే అయినంత మాత్రాన ప్రతి గాడిలోనూ కుదురుతుందనుకోకండి. ఎస్‌ఆర్‌ఓ గుండ్రటి అద్దం ముందుకు పొడుచుకొస్తుంది. గాడి ముందు గోడ ఎత్తుగా ఉన్న స్లైడ్‌లో ఆర్‌ఎంఆర్ చక్కగా దిగుతుంది, ఎస్‌ఆర్‌ఓ మాత్రం ముందు తట్టుకుని వెనక లేస్తుంది.

స్క్రూ పని ఆప్టిక్‌ను కిందికి అదిమి పట్టడం వరకే. ముందుకూ వెనక్కూ తోసే దెబ్బను బొడిపెలు, గాడి గోడలు మోయాలి. అవి వదులుగా ఉంటే ఆ భారమంతా 3.5 మిల్లీమీటర్ల స్క్రూ మీద పడుతుంది. అది కొన్నాళ్లకు సాగుతుంది, లేదా తెగుతుంది.

ప్లేటు

గ్లాక్ ఎంఓఎస్, సీజెడ్ షాడో 2 ఓఆర్ లాంటి పిస్టళ్లు ఫ్యాక్టరీ నుంచే గాడితో వస్తాయి. ఆ గాడిలో ఒక ప్లేటు, ప్లేటు మీద ఆప్టిక్. గ్లాక్ ప్లేట్లలో 02 నంబరు ఆర్‌ఎంఆర్ కుటుంబానిది, 04 డెల్టాపాయింట్‌ది. ఏ ఆప్టిక్ నచ్చుతుందో ఇంకా తెలియనివాళ్లకు, రెండేళ్లలో మార్చే ఆలోచన ఉన్నవాళ్లకు ఇదే సరైన దారి. ఆప్టిక్ మారితే ప్లేటు ఒక్కటి మారిస్తే చాలు.

నష్టమేమిటంటే కీళ్లు రెండవుతాయి. స్లైడ్‌కీ ప్లేటుకీ మధ్య ఒకటి, ప్లేటుకీ ఆప్టిక్‌కీ మధ్య ఇంకొకటి. స్క్రూలు రెట్టింపు, వదులయ్యే చోట్లూ రెట్టింపు. ఆప్టిక్ రెండు మూడు మిల్లీమీటర్లు పైకి కూడా లేస్తుంది. ప్లేటు పల్చగా ఉంటే స్క్రూకు దొరికే మరలు తక్కువ. అందుకే స్టీలు ప్లేటు తీసుకోండి. అల్యూమినియంలో మరలు త్వరగా అరిగిపోతాయి. ప్లేటును స్క్రూలు లేకుండా గాడిలో పెట్టి బొటనవేలితో ముందుకూ వెనక్కూ తోయండి. కదిలితే అది మీ స్లైడ్‌కు పనికిరాదు. కొంచెమే కదా, స్క్రూ బిగిస్తే ఆగుతుందిలే అనుకున్నవాళ్లే కొన్ని వేల రౌండ్ల తర్వాత తెగిన స్క్రూ చేత్తో పట్టుకుని తిరుగుతారు.

నేరుగా మిల్లింగ్

ఏ ఆప్టిక్ కావాలో తేలిపోయినవాళ్లకు ఇంతకంటే గట్టి పద్ధతి లేదు. స్లైడ్‌నే ఆ ఫుట్‌ప్రింట్‌కు చెక్కిస్తారు. కీలు ఒక్కటే, ఆప్టిక్ కిందికి దిగుతుంది, గాడి గోడలు దాన్ని గట్టిగా పట్టుకుంటాయి. చెక్కిన లోహం బరువు తగ్గడంతో ఆప్టిక్ బరువు కొంత సర్దుకుంటుంది కూడా. మంచి మిల్లింగ్‌లో స్క్రూ లేకుండానే ఆప్టిక్ చేతి ఒత్తిడితో బిగువుగా దిగాలి, ఊపితే చప్పుడు రాకూడదు.

పని ఇచ్చేముందు మూడు సంగతులు అడగండి. లోతు ఎంత తీస్తారు? గ్లాక్‌లో గాడి కిందే ఫైరింగ్ పిన్ సేఫ్టీ ఉంటుంది, కుడివైపు ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ గుల్లను పట్టి లాగే కొక్కెం) ప్లంజర్ గొట్టం ఉంటుంది. అత్యాశతో లోతు తీస్తే వాటిలోకి చిల్లు పడుతుంది. బొడిపెలు వదులుతారా? వదలని చోట చెక్కించకండి. పూత ఏది వేస్తారు? చెక్కిన చోట పచ్చి స్టీలు బయటపడి తుప్పు పడుతుంది, కాబట్టి పూత తప్పదు. మరల్లోకి మాత్రం పూత వెళ్లకుండా మూయమని చెప్పండి. ఒకసారి చెక్కాక వెనక్కి రాదు, ఇంకో ఫుట్‌ప్రింట్‌కు మారడం చాలావరకు కుదరదు.

వెనక సైట్ గాడిలో దూర్చే డవ్‌టెయిల్ మౌంటు చవకే. కానీ ఎత్తుగా ఉంటుంది, సన్నటి ఒక్క పట్టు మీద నిలబడుతుంది. మీకు రెడ్ డాట్ అలవాటవుతుందా లేదా అని చూసుకోవడానికి సరే. మ్యాచ్‌కు వద్దు.

ఫ్రేమ్ మౌంటు

ఓపెన్ పిస్టల్‌లో మౌంటును ఫ్రేమ్ పక్కన మూడు నుంచి ఐదు స్క్రూలతో బిగిస్తారు. స్లైడ్ కదులుతుంది, ఆప్టిక్ కదలదు. చుక్క తక్కువ ఎగురుతుంది, స్లైడ్ తేలిగ్గా ఉంటుంది, ఆప్టిక్ చాలాకాలం మన్నుతుంది. సీ-మోర్ లాంటి పెద్ద అద్దాలకూ చోటుంటుంది. స్లైడ్ లాగడానికి పక్కన ఒక పిడి మాత్రం అవసరమవుతుంది.

నిలువుగా పెడితే చుక్క నాళం కంటే చాలా ఎత్తులో ఉంటుంది. అందుకే చాలామంది 90 డిగ్రీలు పక్కకు తిప్పిన మౌంటు వాడతారు. ఎత్తు తగ్గుతుంది, ఖాళీ గుల్లలు బయటికి పోవడానికి దారీ పెరుగుతుంది. అయితే అలా తిప్పినప్పుడు సర్దుబాటు స్క్రూలు కూడా తిరిగినట్టే. ఎత్తు స్క్రూ తిప్పితే చుక్క పక్కకు జరుగుతుంది, పక్క స్క్రూ తిప్పితే పైకీ కిందికీ జరుగుతుంది. ఇది తెలియక అరపెట్టె తూటాలు వృథా చేసేవాళ్లు చాలామంది. గుల్ల మౌంటుకు తగిలి తిరిగొచ్చి ఇరుక్కుంటుంటే, మౌంటు మీద ఇత్తడి గీత ఎక్కడ పడిందో చూడండి. ఎజెక్టర్ (గుల్లను బయటికి తన్నే ముక్క) సరిచేయడమా, మౌంటు అంచు అరగదీయడమా అన్నది ఆ గీతే చెబుతుంది. నాళం కొసన ఉండి పిస్టల్ ఎగరడాన్ని తగ్గించే కాంపెన్సేటర్ మసి అద్దం మీద పడుతుంది, స్టేజీకీ స్టేజీకీ మధ్య తుడవడానికి గుడ్డ దగ్గర ఉంచుకోండి.

బిగించే పద్ధతి

మ్యాగజైన్ తీయండి, ఛాంబర్ కళ్లతో చూడండి, వేలితో తడిమి చూడండి. తూటాలు ఆ బల్ల మీదే ఉండకూడదు.

స్క్రూ పొడవు దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. ఆప్టిక్ పెట్టి స్క్రూను వేళ్లతో తిప్పుతూ, మర పట్టిన క్షణం నుంచి తల ఆనే వరకు ఎన్ని చుట్లు వచ్చాయో లెక్కపెట్టండి. 6-32 స్క్రూలో ఒక చుట్టు 0.8 మిల్లీమీటర్లు. ఐదు చుట్లు వస్తే సుమారు 4 మిల్లీమీటర్ల పట్టు దొరికినట్టే. నాలుగు కంటే తక్కువైతే పొడవు స్క్రూ కావాలి. మరీ పొడవైతే ఇంకో చిక్కు: గ్లాక్‌లో కుడి స్క్రూ కొస ఎక్స్‌ట్రాక్టర్ ప్లంజర్‌ను తొక్కుతుంది, ఖాళీ గుల్ల బయటికి రాకుండా ఆగిపోతుంది. బిగించాక ఎక్స్‌ట్రాక్టర్‌ను వేలితో బయటికి నెట్టి వదలండి. ముందులాగే చటుక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా కదిలితే స్క్రూ కొస కొద్దిగా అరగదీయండి.

పొడవు కుదిరాక అన్నీ విప్పి, స్క్రూలనూ రంధ్రాలనూ అసిటోన్‌తోగానీ చిక్కటి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోగానీ రెండుసార్లు తుడవండి. కొత్త స్క్రూల మీద కూడా నూనె ఉంటుంది. నూనె మీద లాక్‌టైట్ (మర వదులవకుండా పట్టే జిగురు) గట్టిపడదు. నీలం రకం, 243, కొస మరలకు ఒక్క చుక్క చాలు. ఎక్కువైతే కారి ప్లంజర్ గొట్టంలో గడ్డకడుతుంది. ఎర్ర రకం వద్దు. దాన్ని విప్పాలంటే 250 డిగ్రీల సెల్సియస్ వరకు కాల్చాలి, ఆ వేడికి ఆప్టిక్ చచ్చిపోతుంది. తరచూ విప్పి బిగించేవాళ్లకు వైబ్రా-టైట్ వీసీ-3 నయం. పూశాక పది నిమిషాల నుంచి అరగంట వరకు ఆరనిచ్చి బిగించాలి.

బిగింపుకు అంగుళం-పౌండ్లలో కొలిచే టార్క్ స్క్రూడ్రైవర్ వాడండి. ముందు రెండు స్క్రూలనూ 5 వరకు మార్చిమార్చి బిగించి, తర్వాత చివరి కొలతకు తేండి. ఆప్టిక్‌లకు ఇది సాధారణంగా 12 నుంచి 15 అంగుళం-పౌండ్లు, అంటే 1.4 నుంచి 1.7 న్యూటన్ మీటర్లు. మీ ఆప్టిక్‌తో వచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి. తర్వాత 24 గంటలు కదపకండి. స్క్రూ తల మీదుగా ఆప్టిక్ ఒంటి వరకు పెయింట్ పెన్నుతో ఒక గీత గీయండి. మొదటి 50 రౌండ్ల తర్వాత ఆ గీతను చూడండి, అంతే. సరిగ్గా ఉన్నా స్క్రూను మళ్లీ బిగించే అలవాటు మంచిది కాదు. గట్టిపడిన లాక్‌టైట్ పట్టు అక్కడే విడిపోతుంది. గీత జరిగి ఉంటే పూర్తిగా విప్పి, తుడిచి, మొదటి నుంచి చేయండి.

స్క్రూ రాకపోతే బలవంతంగా తిప్పి తల చెడగొట్టకండి. బ్యాటరీ తీసేసి, సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద అరనిమిషం ఆనించండి. నీలం లాక్‌టైట్ మెత్తబడుతుంది.

స్ప్రింగు, జీరో

ఆప్టిక్ బరువుతో స్లైడ్ నెమ్మదిస్తుంది. తేలికపాటి లోడ్లు వాడేవాళ్లు గ్లాక్‌లోని 17 పౌండ్ల స్ప్రింగు మార్చి 15 లేదా 13 వేస్తారు. ఎంత తగ్గించవచ్చో తుపాకీ చేతే చెప్పించండి. పూర్తిగా ఖాళీ చేసిన పిస్టల్ నాళాన్ని పైకి పెట్టి, ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని, స్లైడ్ వెనక్కి లాగి మెల్లగా వదలండి. చివరి వరకు మూసుకోకపోతే స్ప్రింగు మరీ మెత్తనైంది.

జీరో, అంటే చుక్క ఉన్న చోటే తూటా తగిలేలా సర్దడం, 25 గజాల్లో, ఆనుకుని, ఐదేసి రౌండ్ల గుంపులతో చేయండి. క్లిక్కుకు 1 ఎంఓఏ (కోణం కొలత) ఉన్న ఆప్టిక్‌లో ఒక క్లిక్కు ఆ దూరంలో 6.6 మిల్లీమీటర్లు జరుపుతుంది. గుంపు 5 సెంటీమీటర్లు కిందపడితే ఏడెనిమిది క్లిక్కులు. ఒకే గుంపు రెండు ముక్కలుగా విడిపోయి పడుతుంటే క్లిక్కులు తిప్పడం ఆపి ప్లేటు చూడండి. అక్కడ ఏదో కదులుతోంది.

దగ్గరి గురికి వేరే లెక్క. చుక్క నాళం కంటే 28 మిల్లీమీటర్లు ఎత్తులో ఉంటే, 25 గజాల జీరోతో 3 గజాల్లో తూటా సుమారు 25 మిల్లీమీటర్లు కింద తగులుతుంది. నిలువు ఫ్రేమ్ మౌంటు మీద చుక్క 45 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే ఆ తేడా 40 వరకు వస్తుంది. టార్గెట్ కింది సగాన్ని తెల్ల నో-షూట్ (కాల్చకూడని టార్గెట్) కప్పేసిన చోట ఈ 15 మిల్లీమీటర్ల తేడాకే పెనాల్టీ పడుతుంది. 3, 5, 7 గజాల్లో కాల్చి, ఎంత పైకి గురిపెట్టాలో రాసి రేంజ్ సంచిలో ఉంచుకోండి. ఆప్టిక్ గానీ ప్లేటు గానీ మార్చిన రోజు ఆ కాగితం చించేసి మళ్లీ కాల్చండి.