ఏఆర్‌ఎఫ్ విమానం గాల్లో మొరాయిస్తోందా? ముందు బల్ల మీద వెతకండి

ఏఆర్‌ఎఫ్ అంటే ఎగరడానికి దాదాపు సిద్ధంగా వచ్చే రేడియో కంట్రోల్ మోడల్ విమానం. దాని పెట్టెలో రెక్కలు, బాడీ, తోక, చక్రాలు ఫిల్మ్ (పలుచటి ప్లాస్టిక్ తొడుగు) అంటించి సిద్ధంగా వస్తాయి. మోటారు, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్), సర్వోలు (రెక్క, తోక పలకలను కదిపే చిన్న మోటార్లు), రిసీవర్, బ్యాటరీ విడిగా కొనుక్కుని, అతికించి, బిగించుకోవాలి. గ్రౌండ్‌లో కనిపించే తేడాలు చాలావరకు ఈ బిగింపు పనిలో పుట్టినవే. బెంగళూరు ఎత్తు వల్ల వచ్చే చిక్కు ఒకటుంది, అదీ కింద చెబుతాను.

సమస్య: లేచీ లేవగానే ఒరిగిపోతోంది, చేతికి దొరకడం లేదు

కొన్న మోడలే కారణం కావచ్చు. బొమ్మ బాగుందని యుద్ధ విమానం మోడల్ కొంటే నేర్చుకునేవాళ్లకు చుక్కలు కనిపిస్తాయి. రెక్క బాడీకి పైన ఉండి, కొసలు కాస్త పైకి లేచిన నాలుగు ఛానెళ్ల (నాలుగు కంట్రోళ్లు విడివిడిగా ఉన్న) ట్రైనర్, అంటే నేర్చుకునేవాళ్ల విమానం తీసుకోండి. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 1.4, 1.5 మీటర్లుంటే దూరం నుంచి కూడా కంటికి ఆనుతుంది. పక్కన నిలబడి నేర్పేవాళ్లు లేకపోతే మాత్రం బాల్సా (తేలికపాటి చెక్క) ఏఆర్‌ఎఫ్ జోలికి పోవద్దు. మోటారు, సర్వోలు బిగించి వచ్చే ఈపీఓ ఫోమ్ విమానం కొనండి, విరిగినా జిగురుతో అతుక్కుంటుంది.

మోడల్ సరైనదే అయితే ఎయిలెరాన్లు (రెక్కల వెనకంచున కదిలే పలకలు) తిరగబడి ఉన్నాయేమో చూడండి. విమానం వెనక నిలబడి స్టిక్ కుడికి నెడితే కుడి ఎయిలెరాన్ పైకి లేవాలి, ఎడమది దిగాలి. స్టిక్ మీ వైపు లాగితే ఎలివేటర్ (తోక మీద అడ్డంగా ఉండే పలక) పైకి రావాలి. "కదులుతోంది కదా" అనుకుని వదిలేస్తే ఎటు కదులుతోందో ఎవరూ చూడరు. ప్రతి ఫ్లైట్‌కు ముందు చూడాల్సిందే. కదలిక మరీ ఎక్కువగా ఉంటే రేడియోలో 30 శాతం ఎక్స్‌పో (మధ్యలో స్టిక్ స్పందనను మెత్తబరిచే సెట్టింగ్) పెట్టండి. అయితే ఫుటాబా రేడియోలో స్టిక్ మెత్తబడాలంటే మైనస్ పెట్టాలి, స్పెక్ట్రమ్‌లో ప్లస్. ఇది తారుమారైతే విమానం ఇంకా రెచ్చిపోతుంది.

సమస్య: మోటారు బీప్‌మంటోంది, తిరగడం లేదు

ముందు ప్రొపెల్లర్ విప్పేయండి. థ్రాటిల్ అట్టడుగున లేదని ఈఎస్‌సీ అనుకుంటోంది. ఫుటాబా అయితే థ్రాటిల్ ఛానెల్ రివర్స్ చేయాల్సి రావచ్చు. మిగతావాటిలో క్యాలిబ్రేషన్ చాలు: స్టిక్ పూర్తిగా పైన పెట్టి బ్యాటరీ కలపండి, బీప్‌లు రాగానే కిందికి దించండి. మోటారు వెనక్కి తిరిగితే మూడు తీగల్లో ఏ రెండైనా మార్చండి. తిరుగుడు సరిగ్గానే ఉన్నా లాగుడు లేదంటే ప్రొపెల్లర్ తిరగేసి బిగించారేమో చూడండి, దాని మీది అంకెలు ముందు వైపుకి కనిపించాలి.

సమస్య: ముక్కు పైకి ఎగదన్నుతుంది, ఆగుతుంది, కింద పడుతుంది

ఇక్కడ అందరూ ట్రిమ్ (రేడియోలో చేసే చిన్న సర్దుబాటు) మీద పడతారు. నా అనుమానం మాత్రం ముందు సీజీ మీదే, అంటే బరువు కేంద్రం. ట్రైనర్లకు ఇది రెక్క ముందంచు నుంచి రెక్క లోతులో (ముందంచు నుంచి వెనకంచు దాకా ఉన్న దూరంలో) సుమారు 25 నుంచి 33 శాతం మధ్య ఉంటుంది. లోతు 25 సెంటీమీటర్లయితే అంచు నుంచి 6.2, 8.2 సెంటీమీటర్ల మధ్య అన్నమాట. మాన్యువల్‌లో కచ్చితమైన అంకె ఇస్తే అదే పాటించండి. బ్యాటరీతో సహా అన్నీ బిగించాక రెక్క కింద ఆ గీత దగ్గర రెండు వేళ్లతో ఎత్తితే విమానం సమంగా గానీ, ముక్కు ఇసుమంత వంగి గానీ నిలబడాలి.

తోక బరువైతే ఎలివేటర్‌ను ఏ కాస్త తాకినా ముక్కు లేచిపోతుంది. అలాంటి విమానాన్ని అనుభవమున్నవాళ్లు కూడా దించడం కష్టం. ముక్కు బరువు అంత ప్రమాదం కాదు, ల్యాండింగ్ వేగంగా, బరువుగా ఉంటుంది, అంతే. సరిచేయడానికి ముందు బ్యాటరీని జరపండి, అది చాలకపోతేనే సీసం ముక్కలు పెట్టండి. ఇంట్లో సీజీ సరిగ్గానే ఉండి పైన తేడా వస్తోందంటే బ్యాటరీ వెల్క్రో వదులై ఎక్కేటప్పుడు వెనక్కి జారుతోందేమో. వెల్క్రోతో పాటు ఒక పట్టీ కూడా బిగించండి.

సీజీ బాగుండి, థ్రాటిల్ పెంచినప్పుడు మాత్రమే ముక్కు లేస్తుంటే మోటారు మౌంట్ పై స్క్రూల వెనక సన్నటి వాషర్లు పెట్టి, షాఫ్ట్‌ను కాస్త కిందికి వంచండి.

సమస్య: వీడియోల్లో రయ్యిమంటుంది, మన దగ్గర ఈడుస్తోంది

బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడి గాలి సముద్ర తీరంలో కంటే దాదాపు 8 శాతం పలుచన, ఎండాకాలం మధ్యాహ్నం ఇంకా ఎక్కువ. రెక్కకు ఎత్తుడు తగ్గుతుంది, ప్రొపెల్లర్‌కు లాగుడు తగ్గుతుంది, స్టాల్ అయ్యే వేగం, అంటే అంతకంటే తగ్గితే రెక్క విమానాన్ని మోయలేని వేగం, నాలుగు శాతం దాకా పెరుగుతుంది. విశాఖలో మీ బావమరిది పెట్టుకున్న సెటప్ యథాతథంగా ఇక్కడ పెడితే కాస్త నీరసంగానే ఉంటుంది.

ముందు వాట్‌మీటర్ పెట్టి కొలవండి. ట్రైనర్‌కు కిలో బరువుకు 150 నుంచి 200 వాట్లు ఉండాలి, ఇక్కడ పై అంకె మేలు. తక్కువుంటే ఒక సైజు పెద్ద ప్రొపెల్లర్ వేసి మళ్లీ కొలవండి. ఆంపియర్లు మోటారు, ఈఎస్‌సీ పరిమితుల్లోనే ఉండాలి. కొలవకుండా పెద్దది తగిలిస్తే కాలేది ఈఎస్‌సీనే. బ్యాటరీ ఉబ్బి ఉంటే ఏ ప్రొపెల్లరూ కాపాడలేదు, దాన్ని పక్కన పెట్టేయండి.

సమస్య: గాల్లో ఉండగా కంట్రోల్ ఒక్క క్షణం పోయి వస్తోంది

రేడియోను తిట్టకముందు ఈఎస్‌సీలోని బీఈసీని (రిసీవర్‌కు, సర్వోలకు కరెంటు ఇచ్చే భాగాన్ని) చూడండి. లీనియర్ రకమైతే మూడు సెల్స్ బ్యాటరీ నుంచి వచ్చే 12.6 వోల్టులను 5 వోల్టులకు దించుతూ, మిగిలిందంతా వేడిగా పారేస్తుంది. నాలుగు సర్వోలు ఒకేసారి లాగితే అది వేడెక్కి ఆగుతుంది, రిసీవర్ కూడా ఆగుతుంది. విడిగా స్విచింగ్ యూబీఈసీ (అంతగా వేడెక్కని విడి బీఈసీ) పెట్టి, ఈఎస్‌సీ సిగ్నల్ తీగల్లోంచి ఎర్రదాన్ని తీసి టేప్ చుట్టండి. కనెక్టర్లు, హీట్‌ష్రింక్ ట్యూబుల లాంటివి ఎస్‌పీ రోడ్డులో దొరుకుతాయి. రిసీవర్ యాంటెన్నాలు రెండూ ఒకదానికొకటి లంబంగా, కార్బన్ రాడ్లకు దూరంగా ఉండాలి. సిగ్నల్ పోతే థ్రాటిల్ సున్నాకు వచ్చేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి, ప్రొపెల్లర్ లేకుండా పరీక్షించండి.

సమస్య: తోక ఊగుతోంది, అతుకు వదులుతోంది

ఫిల్మ్ మీదే జిగురు రాశారన్నమాట. అతుకు పడే చోట ఫిల్మ్ తీసేసి, చెక్కకు చెక్క తగిలేలా 30 నిమిషాల ఎపాక్సీతో అతికించండి. కోసేటప్పుడు బ్లేడు బాల్సాలోకి దిగితే తోక సరిగ్గా అక్కడే విరుగుతుంది. హింజ్‌లు ఫ్యాక్టరీలోనే అతికించి వచ్చినా ఒక్కొక్కటీ గట్టిగా లాగి చూడండి. ఫిల్మ్ ముడతలు పడితే కవరింగ్ ఐరన్‌తో తక్కువ వేడి మీద సరిచేయొచ్చు, ఫోమ్ విమానానికి మాత్రం వద్దు.

సమస్య: ఎగరేయనివ్వడం లేదు

మారతహళ్లిలో ఉంటున్న మనవాళ్లకు ఇది బాగా తెలుసు, పక్కనే హెచ్ఏఎల్ విమానాశ్రయం. ఉత్తరాన యలహంక, జక్కూరు, దేవనహళ్లి రన్‌వేలు ఉండనే ఉన్నాయి. డ్రోన్ రూల్స్ 2021 మోడల్ విమానాలకూ వర్తిస్తాయి. ప్రభుత్వ డ్రోన్ పోర్టల్ డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసి గ్రీన్ జోన్‌లోనే (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతం), 400 అడుగుల లోపే ఎగరేయండి. విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల దూరంలో ఆ పరిమితి 200 అడుగులే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి గాలి గట్టిగా వీస్తుంది కాబట్టి పొద్దున్నే వెళ్లండి.