కాదన్నవాళ్ల మాట చెవిలో మోగుతుంటే

సంబంధం చూడటానికి వచ్చినవాళ్లు టీ తాగి "కబురు చేస్తాం" అని వెళ్లారు, మళ్లీ ఫోన్ లేదు. ఎంపిక జాబితాలో పేరు లేదు. సొంత అన్నే గృహప్రవేశానికి పిలవలేదు. ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగువాళ్లకు ఇంకో చిన్న ముల్లు కూడా ఉంది: ఇక్కడ నోరు విప్పితే ఆంధ్రావాళ్లు, సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నం దాటితే ఒడిశావాళ్లు. ఇలాంటి దెబ్బ మీద "దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడు" అని ఎవరైనా అంటే, మాట నిజమే గాని లోపలికి దిగదు. దిగాలంటే ఒక వరుస ఉంది.

ముందు తిండి, నిద్ర. బైబిల్లో 1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త చెట్టు కింద పడి చావు కోరుకున్నప్పుడు దూత ప్రసంగం చేయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టి రెండుసార్లు లేపి తినమన్నాడు. కాబట్టి ఆ రాత్రి ఉపవాసం పట్టకండి. గంజన్నమైనా తిని పడుకోండి.

మర్నాడు 13వ కీర్తన పైకి చదవండి, 6 వచనాలే. మొదటి రెండూ ఫిర్యాదు, తర్వాతి రెండూ మనవి, చివరి రెండూ నమ్మకం. అదే వరుసలో ఒక కాగితం రాయండి: ఏం జరిగింది, ఏం కావాలి, దేవుని గురించి ఏది మారలేదు. మొదటి భాగంలోనే చాలామంది తప్పుతారు. "వాళ్లు వద్దన్నారు" అనేది జరిగినది. "నన్నిక ఎవరూ చేసుకోరు" అనేది మనం అతికించుకున్నది. రెండోదాన్ని కొట్టేయకండి, కింద గీత గీయండి. బైబిల్ వాక్యం పెట్టాల్సిన చోటు అదే. ఏ భాషలో ఏడుపొస్తే ఆ భాషలో రాయండి. బడిలో ఒడియా చదువుకుని తెలుగు అక్షరాలు తడబడేవాళ్లు ఒడియా బైబిల్లో చదివి తెలుగులో ప్రార్థన చేసుకున్నా పర్లేదు.

ఇప్పుడు వాక్యం, ఒక్కటే, వారం రోజులపాటు. కన్నవాళ్లు దూరం పెడితే కీర్తన 27:10. అందరూ మర్చిపోయారనిపిస్తే యెషయా 49:14-16. తప్పు చేసి తలెత్తుకోలేకపోతే రోమా 5:8. పొద్దున, రాత్రి మూడేసిసార్లు నెమ్మదిగా చదవండి. యెషయాలో 14వ వచనం వదిలేయకండి. దేవుడు నన్ను మర్చిపోయాడని సీయోను, అంటే యెరూషలేము, అంటేనే, "నా యరచేతులమీదనే నిన్ను చెక్కియున్నాను" అన్న జవాబు వచ్చింది. డిసెంబరు 31 రాత్రి చర్చిలో కొత్త సంవత్సరానికని తీసిన వాగ్దానం కార్డు మంచిదే గాని, కార్డు మీది వచనానికి ముందువెనకలు ఉండవు.

వారం మధ్యలో ఆదికాండము 29:31-35 చదవండి, తీరిగ్గా. యాకోబు ప్రేమించింది రాహేలును, లేయా ఆ ఇంట్లో అక్కర్లేని పెళ్లాం. మొదటి కొడుకు పుట్టగానే, ఇక నా పెనిమిటి ప్రేమిస్తాడంది. రెండోవాడు పుట్టేసరికి తాను ద్వేషింపబడిన సంగతి యెహోవా విన్నాడంది. మూడోవాడితో, ఈసారైనా నాతో హత్తుకుంటాడంది. నాలుగోవాడు యూదా పుట్టినప్పుడు మాత్రం భర్త ఊసు లేదు: "ఈ సారి యెహోవాను స్తుతించెదను." యాకోబు మారినట్టు అక్కడ ఎక్కడా లేదు, ఆమె చూపు మారింది. క్రీస్తు వచ్చింది ఆ యూదా గోత్రంలోనే. చాలా ప్రసంగాలు ఇక్కడితో ఆగిపోతాయి. 30:20 కూడా చూడండి: ఆరో కొడుకు పుట్టాక, ఇకనైనా నా పెనిమిటి నాతో కాపురం చేస్తాడని మళ్లీ అదే మాట! అంటే పాత నొప్పి తిరగబెడుతుంది. తిరగబెట్టినంత మాత్రాన మొదటి స్తుతి అబద్ధం కాదు.

తర్వాత ఒక్క మనిషికి చెప్పండి, పాస్టరమ్మగారికో మేనత్తకో. "అమ్మా, సలహా వద్దు, పది నిమిషాలు విని ప్రార్థన చేయండి" అని ముందే అడగండి. కూడికలో అందరి ముందు వివరాలు విప్పితే సాయంత్రానికి ప్రార్థన విన్నపం ఊరి కబురవుతుంది. అక్కడ "మనసు బాగోలేదు" అంటే చాలు.

బెడిసికొట్టేవి కొన్ని. వద్దన్నవాళ్లు తిరిగి రావాలని మొక్కి ఉపవాసాలు చేస్తే, మన విలువ మళ్లీ వాళ్ల చేతిలో పెట్టినట్టే. ఆయన ప్రేమ మన ఉపవాసానికి కూలి కాదు, రోమా 5:8 చెప్పేది అదే. ఇంకొకటి, "నేను అయోగ్యురాలిని" అని రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరకు వెళ్లకుండా వెనక బెంచీలో కూర్చోవడం. 1 కొరింథీ 11:21-22 చూడండి. పౌలు గద్దించింది తాము తిని తాగి పేదవాళ్లను సిగ్గుపరిచినవాళ్లను. సిగ్గుపడినవాళ్లను కాదు. క్షమించడమంటే కొట్టినవాడి ఇంటికి తిరిగి వెళ్లడమనీ కాదు.

చచ్చిపోవాలనిపించినా, రెండు వారాలకు పైగా తిండీ నిద్రా తప్పినా కాగితం పక్కన పెట్టి 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీమానస్ లైను, ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రార్థన మానక్కర్లేదు, రెండూ చేయండి.

ఆ కాగితాన్ని బైబిల్లో 13వ కీర్తన దగ్గర తేదీ వేసి పెట్టండి. పెళ్లిళ్ల కాలంలో మళ్లీ గుచ్చుకున్న రోజు తీసి, గీత గీసిన మాట ఇప్పటికీ అలాగే ఉందో లేదో చూసి, దాని కింద ఇంకో తేదీ వేయండి.