ఎండకు సిరామిక్ కెపాసిటర్ విలువ ఎంత పడిపోతుంది? ఇంట్లోనే కొలవడం ఎలా?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. తిరుపతిలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది; మిద్దె మీద మూసి ఉంచిన రేకు పెట్టెలో వేడి ఇంకా ఎక్కువ. ఆ పెట్టెలోని సర్క్యూట్‌లో చవక రకం సిరామిక్ కెపాసిటర్ (విద్యుదావేశాన్ని నిల్వ చేసే చిన్న భాగం) ఉంటే, దాని మీద ముద్రించిన విలువను నమ్మకండి. అది గది ఉష్ణోగ్రత దగ్గర కొలిచినది.

దుకాణంలో 104జెడ్ అని రాసి ఉన్న బిళ్ల కెపాసిటర్ ఒకటి, ఎన్‌పీ0 రకం (వేడికి విలువ దాదాపు మారనిది) 102 ఒకటి కొనండి. 104 అంటే 10 పక్కన నాలుగు సున్నాలు: లక్ష పికోఫారడ్లు, అంటే 100 నానోఫారడ్లు. జెడ్ అక్షరం ఉన్నవి ఎక్కువగా వై5వీ, జెడ్5యూ రకాలు, అంటే వేడికి విలువ బాగా మారే చవక రకాలు. కెపాసిటెన్స్ (కెపాసిటర్ విలువ) కొలిచే మల్టీమీటర్, 100 డిగ్రీల వరకు చూపే థర్మామీటర్ కూడా కావాలి. జ్వరం చూసేది పనికిరాదు.

ముందు గది వేడిలోనే రెండింటినీ కొలిచి రాసుకోండి. మీటరు క్లిప్పులు తగిలించాక బిళ్లను ముట్టుకోకండి. కావాలంటే ఒకసారి రెండు వేళ్లతో పట్టి చూడండి: ఒంటి వేడికే 104 అంకెలు జారడం కనిపిస్తుంది. ఈ ప్రయోగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన క్షణం అదే.

తర్వాత బిళ్లను పలచని పాలిథిన్ కవరులో పెట్టి, 70 డిగ్రీల నీళ్లున్న గ్లాసులో ముంచండి. బిళ్ల తీగ కాళ్లకు తడి తగలకూడదు, తగిలితే కొలత తప్పుతుంది. నీళ్లు చల్లారుతుండగా ప్రతి 10 డిగ్రీలకూ విలువ రాసుకోండి. తొందరపడకండి, బిళ్ల లోపలి దాకా ఆ వేడి చేరాలి. రెండో కెపాసిటర్‌తోనూ ఇలాగే చేయండి.

ఎన్‌పీ0 దాదాపు కదలదు. డిగ్రీకి పది లక్షల్లో 30 భాగాలకు మించి మారకూడదన్నది దాని ప్రమాణం. వై5వీకి మాత్రం మైనస్ 30 నుంచి 85 డిగ్రీల మధ్య 82 శాతం వరకు పడిపోయే వెసులుబాటు ఉంది.

కారణం స్ఫటిక నిర్మాణంలో ఉంది. ఈ చవక బిళ్లల్లో ముఖ్య పదార్థం బేరియం టైటనేట్. దాని స్ఫటికంలో టైటానియం అయాన్ 120 డిగ్రీల లోపు నడిమధ్య నుంచి కాస్త పక్కకు జరిగి ఉంటుంది, గడి (స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న పెట్టె) ఒక దిక్కున సుమారు ఒక శాతం సాగుతుంది. 120 దాటితే గడి అన్ని వైపులా సమానమైన ఘనం (క్యూబ్) ఆకారానికి మారుతుంది. ఈ మార్పు జరిగే చోట విద్యుదావేశాన్ని నిల్వ చేసే గుణం శిఖరానికి చేరుతుంది. స్ట్రాన్షియం, జిర్కోనియం వంటివి కలిపి ఆ శిఖరాన్ని గది ఉష్ణోగ్రత దగ్గరకు దించుతారు. చిన్న బిళ్లలో ఎక్కువ విలువ దొరికేది అందుకే. వేడెక్కితే విలువ ఆ శిఖరం దాటి అవతలి వైపు జారుడే.

టంకం వేసిన వెంటనే మాత్రం ఈ రకాన్ని కొలవకండి. ఆ వేడికి స్ఫటికం కొత్తగా సర్దుకుని విలువ ఎక్కువగా చూపుతుంది, ఆపై మెల్లగా తగ్గుతుంది. ఒక రోజు ఆగి కొలవండి.