ఎమ్-క్యాడ్హెరిన్ యాంటీబాడీ: ఎంపిక, పరీక్ష, వాడకం

కండర కణాలు ఒకదానినొకటి పట్టుకుని నిలవడానికి తోడ్పడే ప్రోటీన్లలో ఎమ్-క్యాడ్హెరిన్ ఒకటి. దీని జన్యువు పేరు సీడీహెచ్15. ఎదిగిన కండరంలో ఇది ముఖ్యంగా శాటిలైట్ కణాల మీద, అంటే కండర తంతువుకూ దాన్ని చుట్టి ఉండే పలుచని పొర అయిన బేసల్ లామినాకూ మధ్య ఒదిగి ఉండే మూలకణాల మీద కనిపిస్తుంది కనుక, గాయపడిన కండరం ఎలా కోలుకుంటుందో పరిశీలించేవారికి దీని యాంటీబాడీ, అంటే దీన్ని వెతికి పట్టుకునే ప్రోటీను, తరచూ అవసరమవుతుంది.

కొనేముందు డేటాషీటులో చూడవలసిన మొదటి సంగతి, ఆ యాంటీబాడీ ప్రోటీనులోని ఏ భాగాన్ని పట్టుకుంటుందన్నది. కణం వెలుపలి భాగాన్ని గుర్తించేదైతే బతికున్న కణాల మీద ఫ్లో సైటోమెట్రీకి (కణాలను ఒక్కొక్కటిగా లేజరు ముందు నడిపి పరిశీలించే పద్ధతి) పనికొస్తుంది; లోపలి తోకను గుర్తించేదైతే ట్రైటాన్ వంటి డిటర్జెంటుతో పొరను తెరిస్తే తప్ప లోపలికి చేరదు. ఎలుక కండరంలో పాక్స్7తో (శాటిలైట్ కణాల కేంద్రకాల్లో ఉండే మరో గుర్తు ప్రోటీను) కలిపి రంగు వేయదలచినవారు కుందేలు యాంటీబాడీని ఎంచుకోవడం మేలు. విరివిగా వాడే పాక్స్7 యాంటీబాడీ ఎలుకలో తయారైనదే కాబట్టి, రెండూ ఎలుకవే అయితే మామూలు సెకండరీలు (మొదటి యాంటీబాడీని, అంటే ప్రైమరీని, పట్టుకుని దాన్ని కనిపించేలా చేసే రెండో యాంటీబాడీలు) వాటిని వేరు చేయలేవు.

నమూనా తయారీ దగ్గరే ఎక్కువ ప్రయోగాలు చెడిపోతాయని నా అభిప్రాయం. క్యాడ్హెరిన్లు తమ ఆకృతిని నిలుపుకోవడానికి కాల్షియం కావాలి. అది లేనప్పుడు, ప్రోటీన్లను కోసే ఎంజైమైన ట్రిప్సిన్ వాటి వెలుపలి భాగాన్ని తెగ్గోస్తుంది. అందువల్ల అలవాటుగా ట్రిప్సిన్-ఈడీటీఏతో (ఈడీటీఏ కాల్షియాన్ని బంధిస్తుంది) కణాలను డిష్ నుంచి లేపి వెంటనే యాంటీబాడీ కలిపితే, ఉన్న ప్రోటీను కూడా లేనట్టే కనిపిస్తుంది. వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను పరిమాణం ప్రకారం వేరుచేసి యాంటీబాడీతో గుర్తించే పద్ధతి) కోసమైతే సీ2సీ12 కణాలను (ప్రయోగశాలలో పెంచే ఎలుక కండర కణాలు) కాల్షియం ఉన్న చల్లని బఫరుతో కడిగి, ప్రోటీన్లను కోసే ఎంజైములను ఆపే ప్రోటియేజ్ నిరోధకాలు కలిపిన, కణాలను పగలగొట్టే లైసిస్ బఫరును నేరుగా డిష్‌లోనే పోసి, ఐసు మీదే గీకి తీయాలి. ఫ్లో సైటోమెట్రీకి ట్రిప్సిన్ మాని ఈడీటీఏ ఒక్కదానితోనే కణాలను విడదీసి, తరువాతి బఫర్లలో కాల్షియం తిరిగి చేర్చాలి.

బ్లాట్ చదివేటప్పుడు మరో చిక్కు ఎదురవుతుంది. అమైనో ఆమ్లాల లెక్క ప్రకారం ఈ ప్రోటీను బరువు సుమారు 89 కిలోడాల్టన్లే అయినా, చక్కెర గొలుసులు చేరడం వల్ల బ్యాండు సాధారణంగా 120 నుంచి 130 ప్రాంతంలో వస్తుంది. అదే ఎత్తులో ఎన్-క్యాడ్హెరిన్ కూడా పరుగెడుతుంది, పైగా అది మయోబ్లాస్టుల్లోనూ (ఇంకా తంతువులుగా కలవని కండర కణాలు) ఉంటుంది. కాబట్టి సరైన చోట బ్యాండు వచ్చినంత మాత్రాన యాంటీబాడీ నిర్దిష్టమైనదని తేల్చలేము. గుండె కండరపు లైసేట్‌ను (కణాలను పగలగొట్టి తీసిన ద్రవం) పక్క వరుసలో నడిపితే మంచి ఆధారం దొరుకుతుంది: అందులో ఎన్-క్యాడ్హెరిన్ దండిగా ఉంటుంది, ఎమ్-క్యాడ్హెరిన్ మాత్రం ఉండదని భావిస్తారు. అక్కడ కూడా గట్టి బ్యాండు వస్తే ఆ యాంటీబాడీని అనుమానించాలి. జన్యువు పనిని అణిచే ఎస్ఐఆర్ఎన్ఏతో సీడీహెచ్15ను తగ్గించినప్పుడు బ్యాండు పలచబడితే అంతకంటే బలమైన రుజువు. సీరం తగ్గించి 2 శాతం గుర్రపు సీరంలోకి మార్చిన సీ2సీ12 కణాల్లో ఈ ప్రోటీను పెరుగుతుంది కనుక, వాటిని పాజిటివ్ నమూనాగా పెట్టుకోవచ్చు.

కణజాలపు కోతలకు, ద్రవ నత్రజనితో చల్లార్చిన ఐసోపెంటేన్‌లో గడ్డకట్టించిన కండరాన్ని 8 నుంచి 10 మైక్రాన్ల మందంతో కోయాలి. నెమ్మదిగా గడ్డకడితే ఐసు స్ఫటికాలు తంతువులను తొర్రలు చేస్తాయి. 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో 10 నిమిషాలు ఉంచి, యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా బ్లాకింగ్ చేసి, యాంటీబాడీని 4 డిగ్రీల దగ్గర రాత్రంతా వదలవచ్చు. ఎంత పలచన చేయాలో 1:100, 1:300, 1:1000 లాంటి వరుసతో మీ నమూనా మీదే తేల్చుకోవాలి. బేసల్ లామినాలోని ప్రోటీను అయిన లామినిన్‌కు కూడా రంగు వేస్తే చదవడం తేలిక: గాయం లేని కండరంలో లామినిన్ గీతకు లోపలి వైపు, అక్కడక్కడ ఒక్కో కేంద్రకాన్ని ఆనుకుని, తంతువు వైపు తిరిగిన చిన్న చాపంలా సంకేతం రావాలి. ప్రతి తంతువు చుట్టూ వలయం వెలిగిపోతుంటే అది ఫలితం కాదు, బ్యాక్‌గ్రౌండే (యాంటీబాడీ అసలు లక్ష్యం కాని చోట్ల అంటుకోవడం) కావచ్చు. ఎలుక యాంటీబాడీని ఎలుక కణజాలం మీద వాడినప్పుడు ఇది మరీ ఎక్కువ. ప్రైమరీ లేకుండా సెకండరీ మాత్రమే వేసిన స్లైడును ప్రతిసారీ పక్కన పెట్టుకోవాలి.

సీసా రాగానే చిన్న చిన్న భాగాలుగా పంచి డేటాషీటు చెప్పిన ఉష్ణోగ్రతలో దాచి, ప్రతి గొట్టం మీదా లాట్ (తయారీ విడత) సంఖ్య రాయాలి. పాలీక్లోనల్ (అనేక రకాల యాంటీబాడీల మిశ్రమమైన) యాంటీబాడీల్లో లాట్ మారితే గుణమూ మారవచ్చు కనుక, కొత్త లాట్ వచ్చినప్పుడు గుండె లైసేట్ పరీక్షను మళ్లీ చేయడం తప్పనిసరి. పలచన చేసిన ద్రావణాన్ని మళ్లీ వాడుకునేందుకు, చెడిపోకుండా సోడియం అజైడ్ కలిపేవారు, హెచ్ఆర్పీ అనే ఎంజైమును తగిలించిన సెకండరీ వేసేముందు మెంబ్రేన్‌ను బాగా కడగాలి, ఎందుకంటే అజైడ్ ఆ ఎంజైమును పనిచేయనివ్వదు.