చెట్టా, మొక్కజొన్నా? ముందు కండెలు, తర్వాత నీడ

ఇంటి పక్కన కాస్త మట్టి మిగిలితే చాలు, ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. బెంగళూరులో మాది హొరమావు, 40×60 సైట్. తూర్పు వైపు ఇల్లు కట్టుకున్నాక పడమర వైపు 20 అడుగుల వెడల్పున జాగా మిగిలింది. అత్తయ్య అక్కడ చెట్టు పెట్టమంది, ఎందుకంటే ఏప్రిల్‌లో మధ్యాహ్నం మూడు దాటాక ఆవిడ గది గోడకు ఆనుకుంటే పెనానికి ఆనుకున్నట్టే. మావయ్యది అనంతపురం పక్క పల్లె, ఆయన లెక్క వేరు. "ఖాళీ నేలలో చెట్టు నాటి పదేళ్లు దాని మొహం చూస్తూ కూచుంటామా అమ్మాయ్, మొక్కజొన్న వేస్తే మూడు నెలల్లో చేతికొస్తుంది" అన్నాడు. నాకూ మొక్కజొన్నే ఇష్టం కానీ అత్తయ్య ముందు నోరు మెదపలేదు.

మూడేళ్లుగా రెండూ పెంచుతున్నాను కాబట్టి చెప్తున్నా. ముందు ఒక పంట మొక్కజొన్న వేయండి, అది కోశాకే చెట్టుకు గుంత తీయండి. మొక్కజొన్న వేసిన చోటు తప్పయితే నెలలో తెలిసిపోతుంది, పీకేస్తే ఎవరూ అడగరు. చెట్టు తప్పు చోట పెట్టారని తెలిసేసరికి దాని వేళ్లు సంప్ గోడ దాకా వెళ్లుంటాయి. పైగా 1976 నాటి కర్ణాటక చెట్ల రక్షణ చట్టం ఉంది. మీ సొంత సైట్‌లో మీరే నాటిన చెట్టయినా సరే, కొన్ని మినహాయింపు రకాలు తప్ప, ట్రీ ఆఫీసర్ అనుమతి లేకుండా కొట్టడానికి లేదు. అంటే నాటేటప్పుడే ఆలోచించుకోవాలి.

ఇంకో లాభం కూడా ఉంది. మొక్కజొన్న ఎండకూ నేలకూ మంచి పరీక్ష. రోజుకు కనీసం ఆరేడు గంటల సూటి ఎండ లేకపోతే సన్నగా సాగిపోయి పడిపోతుంది, తిండి తక్కువైతే కింది ఆకులు కొసల నుంచి మధ్య ఈనె వెంబడి పసుపెక్కుతాయి. మా దగ్గర ఒక మూల మొక్కలు మోకాలెత్తుకే ఆగిపోయాయి. మావయ్య గునపంతో అడుగు లోతు తవ్వితే సిమెంటు పెళ్లలు, పగిలిన టైల్స్, ఒక గుడ్డ సంచి. ఇల్లు కట్టినవాళ్లు చెత్తంతా అక్కడే పూడ్చి పైన ఎర్రమట్టి పరిచి చక్కా పోయారు. తెలియక అక్కడే చెట్టు నాటి ఉంటే మూడేళ్లు నీళ్లు పోసి, ఎందుకు పెరగట్లేదా అని దిష్టి తీస్తూ ఉండేవాళ్లం.

సరే, మొక్కజొన్న సంగతి. మొదటిసారి నేను చేసిన తప్పు మీరు చేయకండి. కాంపౌండ్ గోడ వెంబడి చూడ్డానికి బాగుంటుందని ఒకే వరుసలో పద్దెనిమిది మొక్కలు వేశాను. మనిషెత్తు పెరిగాయి, కండెలూ వచ్చాయి, ఒలిచి చూస్తే పళ్లూడిన నోళ్లలా అక్కడొక గింజ ఇక్కడొక గింజ. మొక్కజొన్నకు పరాగసంపర్కం గాలితో జరుగుతుంది. పైన జల్లు (మొక్క కొసన వచ్చే మగపూల గుత్తి) నుంచి పుప్పొడి రాలి కింద పీచు మీద పడాలి, ఒక్కో పీచు పోగు ఒక్కో గింజకు. పోగుకు పుప్పొడి అందకపోతే ఆ గింజ లేనట్టే. ఒకే వరుసైతే గాలి ఎటు కొడితే అటు పొడంతా పక్కింటికి పోతుంది. అందుకని చదరంగా వేయాలి: రెండడుగుల ఎడంతో నాలుగు వరుసలు, వరుసలో మొక్కకూ మొక్కకూ 10 అంగుళాలు. ఎనిమిది అడుగుల చదరంలో ముప్పై మొక్కలకు పైనే పడతాయి. ఒక్కో మొక్కకు ఒక మంచి కండె అనుకోండి, రెండోది వస్తే బోనస్.

అప్పుడు కూడా అనుమానముంటే చేత్తో సాయం చేయొచ్చు. పొద్దున మంచు ఆరాక, ఎనిమిదిన్నర తొమ్మిది మధ్య, జల్లు కింద ఒక కాగితం పొట్లం పెట్టి మెల్లగా తట్టండి. పసుప్పచ్చటి పొడి రాలుతుంది, దాన్ని తడి ఆరని కొత్త పీచు మీద చల్లండి. ఓ నాలుగైదు రోజులు అలా చేస్తే చాలు. మా చిన్నదానికి ఇది హోలీ కంటే సరదా.

రకం దగ్గర గందరగోళపడకండి. ఉడకబెట్టుకుని తినడానికైతే స్వీట్ కార్న్. గారెలకైతే నా మాట వినండి, మామూలు మొక్కజొన్నే కాస్త ముదిరాక కోయండి, స్వీట్ కార్న్ రుబ్బితే పిండి జారిపోయి నూనె తాగేస్తుంది. స్వీట్ కార్న్‌లో హైబ్రిడ్ విత్తనాలు ఒకే ఎత్తుగా, ఒకేసారి కోతకు వస్తాయి, కానీ ఏటా కొనాలి. మాధురి, ప్రియ లాంటి హైబ్రిడ్ కాని కాంపోజిట్ రకాలైతే విత్తనం దాచుకోవచ్చు. ఏది వేసినా స్వీట్ కార్న్ పక్కనే మామూలు మొక్కజొన్న గానీ పాప్‌కార్న్ గానీ ఒకే సమయంలో పూతకు రాకుండా చూసుకోండి, పుప్పొడి కలిస్తే తీపి పోయి పిండిగా తయారవుతుంది. రెండూ కావాలంటే మూడు వారాల తేడాతో విత్తండి. గులాబీ రంగు వేసిన విత్తనాలు మందు పట్టించినవి, పిల్లల చేతికివ్వకండి, వేశాక చేతులు కడుక్కోండి.

జూన్‌లో వానలు కుదురుకున్నాక అంగుళం లోతున విత్తాం. నీళ్లు నిలిస్తే మాత్రం విత్తనం కుళ్లిపోతుంది, ముఖ్యంగా ముడతలు పడ్డ స్వీట్ కార్న్ గింజ. మొక్కజొన్న తిండిపోతు. దుక్కిలో బాగా చివికిన పశువుల ఎరువు, మోకాలెత్తు వచ్చాక ఒకసారి, జల్లు తొంగిచూసేటప్పుడు ఇంకోసారి నత్రజని ఇవ్వాలి. మేము కానుగ చెక్క (గింజల నూనె తీశాక మిగిలే పిప్పి) వాడాం, అది ఎరువుగానూ పనికొస్తుంది, మట్టిలో పురుగునూ కొంత ఆపుతుంది. మోకాలెత్తులో ఉండగానే మొదళ్లకు మట్టి ఎగదోయండి, లేకపోతే ఆగస్టు గాలివానకు మొత్తం చాప చుట్టినట్టు పడుకుంటాయి.

పెద్ద శత్రువు కత్తెర పురుగు. మన దేశంలో ఇది మొదట బయటపడింది 2018లో, ఈ కర్ణాటకలోనే, శివమొగ్గ వైపు. సుడిలో, అంటే మొక్క నడిమి లేతాకుల చుట్టలో, రంపపు పొట్టు లాంటి రెట్ట, ఆకు మీద అడ్డంగా వరుస చిల్లులు కనిపిస్తే అదే. సుడి విప్పి చూడండి, తల మీద తిరగేసిన ఇంగ్లీషు వై అక్షరం, తోక దగ్గర చదరంగా నాలుగు నల్లచుక్కలు ఉంటాయి. ముప్పై మొక్కలకు స్ప్రేయర్ అక్కర్లేదు. రోజూ పొద్దున్నే ఏరి సబ్బునీళ్లలో వేయడం, సుడిలో చిటికెడు పొడి ఇసుక వేయడం, అప్పటికీ తగ్గకపోతే సాయంత్రం పూట 1500 పీపీఎం వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు. మావయ్య కాఫీ గ్లాసుతో ఒక చేతిలో, పురుగుతో ఇంకో చేతిలో కనిపించేవాడు.

పీచు వచ్చిన 20 రోజులకు అటూ ఇటూగా అది ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది. పైపొర కొంచెం తీసి గింజలో గోరు గుచ్చండి. నీళ్లు వస్తే ఆగండి, పాలు వస్తే కోయండి, ముద్దలా ఉంటే ఆలస్యమైంది. కోసిన నిమిషం నుంచే తీపి పిండిగా మారడం మొదలవుతుంది కాబట్టి మా ఇంట్లో ముందు స్టవ్ మీద నీళ్లు పెట్టి, తర్వాత పెరట్లోకి వెళ్తాం.

ఇక చెట్టు. ముందు ఏవి వద్దో చెప్తా. 1908లో లాల్‌బాగ్ బాధ్యత తీసుకున్న జర్మన్ తోటమాలి క్రుంబిగల్, ఏడాది పొడుగునా ఏదో ఒకటి పూసేలా ఈ ఊరి రోడ్లకు చెట్లు ఎంచాడు, అవి చూసి మనకూ ఆశ పుడుతుంది. కానీ రోడ్డు రోడ్డే, సైట్ సైటే. గుల్‌మొహర్ కొమ్మలు పెళుసు, వేళ్లు పైపైనే, వానాకాలం ముందు గాలులకు కార్ల మీద పడే చెట్లలో అదీ ఒకటి. నిద్రగన్నేరుకు మీ సైట్ మొత్తం చాలదు. రావి, మర్రి ఇంటి దగ్గర అసలు వద్దు. నేరేడు బంగారమే గానీ పళ్లు రాలే నెలలో గచ్చంతా ఊదారంగు. పొగడ చిక్కటి నీడ, ఆకు రాల్చదు, కానీ నింపాదిగా పెరుగుతుంది, ఓపికుంటే అదే వేయండి.

మేము వేసింది కానుగ. ఇక్కడివాళ్లు హొంగె అంటారు. తల్లివేరు లోతుకు పోతుంది, నత్రజనిని తనే పట్టుకుంటుంది, నిలదొక్కుకున్నాక నీళ్లడగదు. ముఖ్యంగా ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాల్చి ఉగాదికి అటూ ఇటూగా లేతాకులు తొడుగుతుంది, అంటే గోడ కాలే ఏప్రిల్‌కు నీడ సిద్ధం. ఆకుల మీద బుడిపెలు వస్తాయి, చూడ్డానికి బాగోదు, అయినా చెట్టుకు పెద్దగా ఏమీ కాదు. ఆ కాయలు మాత్రం తినేవి కావు, పిల్లలకు చెప్పుంచండి.

చోటు ఎంచడానికి కాస్త ఎండ లెక్క కావాలి. బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, ఏప్రిల్ 24 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 18 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం నిటారు వస్తువుకు నీడే పడదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు, మిగతా ఏడాది దక్షిణం వైపు. డిసెంబరులో 20 అడుగుల చెట్టు నీడ మధ్యాహ్నానికి ఉత్తరంగా దాదాపు 15 అడుగులు సాగుతుంది, జూన్‌లో దక్షిణంగా నాలుగడుగులు కూడా రాదు. కాబట్టి చెట్టు ఇంటికి పడమర, మొక్కజొన్న చెట్టుకు దక్షిణం. మేము ఇంటి గోడకు 12 అడుగులు, కాంపౌండ్‌కు 8 అడుగులు వదిలి ఉత్తరపు సగంలో నాటాం. సంప్ అటు వైపు లేదు, ఉంటే ఇంకా దూరం జరగాలి.

మొక్క కొనేటప్పుడు ఎత్తు చూసి మోసపోకండి. ఒక నర్సరీలో ఎనిమిదడుగులదని సంబరంగా తెచ్చాం, కవరు కోస్తే వేళ్లు జిలేబీలా చుట్టలు చుట్టుకుని ఉన్నాయి, ఆ ఏడాదే ఎండిపోయింది. నాలుగైదు అడుగులది, కాండం గట్టిగా ఉన్నది చాలు. రెండడుగుల గుంత, తీసిన పైమట్టి, ఎరువు, పక్కన ఒక కర్ర. మొదటి రెండు వేసవుల్లో వారానికి రెండుసార్లు నింపాదిగా నీళ్లు, ఆ తర్వాత దాని మానాన వదిలేయండి.

మొదటి మూడేళ్లు నీడ లేనట్టే, ఆ కాలమంతా పక్కన కండెలు కోసుకోవచ్చు. ఈ ఏడాది మా కానుగ మేడమీది పిట్టగోడను తాకబోతోంది, చెట్టుకు దగ్గరున్న మొక్కజొన్న వరుస మిగతా వాటికంటే జానెడు పొట్టిగా వచ్చింది. అత్తయ్య ఆ వరుసను చూసి ఏమీ అనలేదు, కుర్చీ మాత్రం రెండడుగులు చెట్టు వైపు జరుపుకుంది. మావయ్య ఊరి నుంచి వస్తూ ఒక సంచిలో పసుపు కొమ్ములు తెచ్చాడు, అవి కాస్త నీడలోనూ వస్తాయట.